దగ్గును ఆపే మంచి మందు ఇంకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా అమ్మకు నాలుగు నెలలుగా పొడి దగ్గు. కొడీన్ ఉన్న సిరప్ వాడితే దగ్గు కాస్త తగ్గినట్టే ఉంటుంది కానీ రోజంతా మత్తు, పైగా మలబద్ధకం. మిగతా సిరప్‌లకు అసలు లొంగడం లేదు. గుండెకు, క్యాన్సర్‌కు ఎన్నో కొత్త మందులు వస్తున్నాయి కదా, దగ్గును ఆపే సురక్షితమైన మందు ఒక్కటి ఎందుకు తయారు చేయలేకపోతున్నారు? త్వరలో ఏమైనా రాబోతున్నాయా?

జవాబు:

ముందు నా సంగతి ఒక్క మాట. మందుల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అందులో కొన్నేళ్లు నా ఉద్యోగం అచ్చంగా దగ్గులు లెక్కపెట్టడమే. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనిషి రోజంతా దగ్గిన దగ్గులను ఒక్కొక్కటిగా గుర్తు పెట్టే పని. విన్నవాళ్లు నవ్వేవారు. ఆ పని ఎందుకు అవసరమైందో కింద చెబుతాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

దగ్గును ఆపే మందే లేదనడం నిజానికి సరికాదు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు దగ్గును పూర్తిగా ఆపేయగలరు. మార్ఫిన్ జాతి మందుల డోసు పెంచుకుంటూ పోతే ఏదో ఒక చోట దగ్గు ఆగుతుంది. కానీ అక్కడికి వచ్చేసరికి ఊపిరి కూడా మందగిస్తుంది. కాబట్టి మందులకు బలం చాలక కాదు ఈ ఇబ్బంది. ఏ దగ్గును ఆపాలో, దేన్ని వదిలేయాలో వాటికి తెలియదు.

మాట్లాడుతూ నీళ్లు తాగితే పొలమారుతుంది. ఆ దగ్గు మిమ్మల్ని అడిగి రాదు, అడిగేంత టైమూ ఉండదు. ఒక్క చుక్క గాలిగొట్టంలోకి జారగానే స్వరపేటిక మూసుకుని, పొట్ట కండరాలు బిగుసుకుని, గాలి ఒక్కసారిగా బయటకు తన్నుకొస్తుంది. పక్షవాతం వచ్చిన కొందరిలో ఈ దగ్గు బలహీనపడుతుంది. వాళ్లకు తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా పట్టుకోవడం అందుకే. ఈ దగ్గు మన కాపలాదారు, దాని జోలికి ఏ మందూ పోకూడదు.

రెండో రకం మీ అమ్మగారికి ఉన్నలాంటిది కావచ్చు. గొంతులో ఏమీ ఉండదు, కఫం పడదు. కానీ నాలుగు మాటలు మాట్లాడినా, గట్టిగా నవ్వినా, చల్లగాలి తగిలినా, ఎవరో సెంటు కొట్టుకుని పక్కనుంచి వెళ్లినా గొంతులో గరగర మొదలై దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. దీన్ని దగ్గు నాడుల అతి సున్నితత్వంగా చూడాలని యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ నిపుణుల బృందం 2014లో చెప్పింది. నరాల నొప్పి ఉన్నవాళ్లకు ఒంటిమీద బట్ట తగిలినా మంట పుడుతుంది చూడండి, అలాంటిదే ఇదీ. అక్కడ గాయం ఉండదు, నరమే దారి తప్పి ఉంటుంది. ఎనిమిది వారాలు దాటిన దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటారు. ప్రపంచవ్యాప్తంగా పెద్దవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉందని అంచనా. దగ్గు క్లినిక్‌లకు వచ్చేవాళ్లలో నడివయసు దాటిన ఆడవాళ్లే ఎక్కువ. దగ్గినప్పుడల్లా మూత్రం పడిపోతుందని చాలామంది డాక్టరుకు కూడా చెప్పుకోరు. మీ అమ్మగారిని ఒకసారి మెల్లగా అడిగి చూడండి.

ఈ రెండు రకాలకూ దారి ఒకటే, వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి గొంతు, ఛాతీ, పొట్ట దాకా పాకే పెద్ద నరం ఇది. దీని కొమ్మ ఒకటి చెవి లోపలికి కూడా పోతుంది. అందుకే చెవిలో పుల్ల పెట్టి తిప్పితే కొందరికి ఠక్కున దగ్గు వస్తుంది. మామూలు మనుషుల్లో ఇలా అయ్యేది నూటికి ఇద్దరికి. దీర్ఘకాలిక దగ్గు ఉన్నవాళ్లలో నూటికి పాతిక మందికి ఇలా అవుతుందని ఒక పరిశీలనలో తేలింది. నరం మొత్తం ఉలికిపాటు మీద ఉందనడానికి ఇంతకంటే తేలికైన రుజువు నాకు కనబడలేదు.

ఆ నరంలో దగ్గుకు సంబంధించిన తీగలు ముఖ్యంగా రెండు రకాలు. గాలిగొట్టంలో ఏదైనా తగిలినా, ఆమ్లం పడినా వెంటనే స్పందించేవి ఒకటి. ఇవి కాపలా తీగలు. రెండోవి సన్నటి సి తంతువులు, పొగకూ ఘాటుకూ వాపుకూ కదిలేవి. ఇవి రెండూ మెదడు కాండంలో ఒకే ప్రాంతానికి చేరతాయి. పాత మందులు దాదాపు అన్నీ ఆ చివర, అంటే మెదడులో కొట్టడానికి ప్రయత్నించినవే. అన్ని తీగలూ కలిసే చోట కొడితే మంచి దగ్గు, చెడ్డ దగ్గు అన్న తేడా ఎలా ఉంటుంది? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. ఆ ఇరుగుపొరుగునే ఊపిరిని నడిపే కేంద్రమూ ఉంది.

ఇక పాత మందుల కథ. హెరాయిన్‌ను 1898లో బేయర్ కంపెనీ దగ్గు మందుగానే అమ్మింది. కొడీన్ అంతకంటే పాతది, 1832లో నల్లమందు నుంచి వేరుచేశారు. అది మంచి దగ్గు మందు అన్న పేరు ఎంత పాతదంటే, దాన్ని గట్టిగా పరీక్షించాలన్న ఆలోచనే చాలాకాలం ఎవరికీ రాలేదు. తీరా పరీక్షించాక ఏం తేలింది? జలుబుతో వచ్చే దగ్గులో ప్లసీబోకు, అంటే మందు లేని ఉత్తుత్తి గోళీకి, దీనికి తేడా కనబడలేదు. పొగతాగేవాళ్లకు వచ్చే సీఓపీడీ జబ్బులో దగ్గును రికార్డు చేసి లెక్కపెట్టి చూస్తే అక్కడా అంతే. ఆ రెండో పరిశీలన మాంచెస్టర్‌లో జాక్లిన్ స్మిత్ బృందం చేసింది, 2006లో వచ్చింది.

కొడీన్‌లో ఇంకో పేచీ ఉంది. అది తనంతట తాను పెద్దగా పనిచేయదు. లివర్‌లో సివైపి2డి6 అనే ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది. ఈ ఎంజైమ్ కొందరిలో అసలు పనిచేయదు, వాళ్లకు కొడీన్ తాగినా తాగకపోయినా పెద్ద తేడా ఉండదు. కొందరిలో మరీ జోరుగా పనిచేస్తుంది, వాళ్లకు అదే డోసు చాలా ఎక్కువ మార్ఫిన్ అవుతుంది. సీసా మీద రాసిన చెంచా లెక్క ఒకటే, లోపలికి వెళ్లాక ఒక్కొక్కరిలో ఒక్కో మందు. పిల్లల్లో ఊపిరి ఆగిన కేసులు వచ్చాక 2015లో యూరప్, 2017లో అమెరికా పన్నెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు కోసం ఇది ఇవ్వకూడదన్నాయి. ఆ తర్వాతి ఏడాది అమెరికా ఆ హద్దును పద్దెనిమిదేళ్లకు పెంచింది. మీ అమ్మగారికి మత్తు, మలబద్ధకం రావడంలో వింతేమీ లేదు, ఆ జాతి మందు లక్షణమే అది.

కొడీన్ కంటే మెత్తనిదని పేరున్న ఫోల్కొడీన్ కథ నాకు ఇంకా పెద్ద పాఠం. దానికి వ్యసనం అవుతుందన్న భయం తక్కువ, ఎన్నో దేశాల్లో చీటీ లేకుండానే అమ్మేవారు. నార్వే పరిశోధకులకు ఒక అనుమానం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించే ఇంజెక్షన్ ఇవ్వగానే ప్రాణం మీదికి వచ్చే అలర్జీ తమ దేశంలో ఎందుకు ఎక్కువగా ఉంది అని. చివరికి తేలిందేమిటంటే ఫోల్కొడీన్ అణువులో ఒక మూల ఆ ఇంజెక్షన్ అణువును పోలి ఉంటుంది. దగ్గు మందు తాగినప్పుడు శరీరం ఆ మూలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేసి పెట్టుకుంటుంది. నెలల తర్వాత ఏదో ఆపరేషన్‌లో ఇంజెక్షన్ పడగానే విరుచుకుపడుతుంది. నార్వేలో 2007లో మందు మార్కెట్ నుంచి పోయింది, ఆ తర్వాతి ఏళ్లలో ఆ యాంటీబాడీలు ఉన్నవాళ్లూ తగ్గారు. యూరప్ మందుల సంస్థ దాన్ని తీసేయమన్నది మాత్రం 2022 డిసెంబరులో! దగ్గు మందు సురక్షితమా కాదా అంటే తాగిన రోజు ఏమైందన్నది ఒక్కటే చూస్తే చాలదని చెప్పడానికే ఇంత పొడుగ్గా రాశాను.

డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందు 1958 నుంచీ ఉంది. ఇది ఒక ఓపియాయిడ్‌కు, అంటే మార్ఫిన్ జాతి మందుకు, అద్దంలో బొమ్మ. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి లాంటి రెండు అణువుల్లో ఎడమది లెవోమెథార్ఫాన్, గట్టి ఓపియాయిడ్. కుడిది ఇది, మార్ఫిన్ తలుపు తట్టదు. ఎంత తెలివైన ఎంపికో చూడండి. కానీ తయారీలో ఎడమ బొమ్మ కలిసిపోతే ఏమవుతుందో 2012 చివర్లో పాకిస్తాన్‌లో తెలిసింది. కల్తీ అయిన ముడిసరుకుతో చేసిన దగ్గు సిరప్ తాగి పదుల సంఖ్యలో మనుషులు పోయారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. డైఇథిలిన్ గ్లైకాల్ కలిసిన సిరప్‌లతో గాంబియాలో పిల్లలు చనిపోయింది వేరే సంగతి. అందులో దగ్గు మందు అణువు తప్పేం లేదు, దాన్ని కరిగించిన ద్రవంలో విషం ఉంది. రెండింటినీ కలిపి దగ్గు మందులన్నీ విషమే అనేవాళ్లు ఉన్నారు, ఆ మాట సరికాదు. తయారీ లోపానికి విరుగుడు తనిఖీ. అణువులోనే లోపం ఉంటే వేరే అణువు వెతకాలి.

మామూలు డోసులో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కొడీన్ కంటే భద్రమే, అందులో అనుమానం లేదు. దగ్గును తగ్గించేది మాత్రం కొద్దిగానే. దీనికీ అదే సివైపి2డి6 ఎంజైమ్ గొడవ ఉంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలతో కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం పెరిగి ప్రమాదం కావచ్చు, సీసాలు సీసాలు తాగి మత్తుకు అలవాటు పడేవాళ్లూ ఉన్నారు. ఒక తమాషా ఏమిటంటే, ఈ మందు ఎంజైమ్‌కు దొరకకుండా బుప్రోపియాన్ అనే ఇంకో మందుతో జతచేసి 2022లో అమెరికాలో డిప్రెషన్‌కు మందుగా అనుమతి తెచ్చుకున్నారు. దగ్గు మందుగా అరవై ఏళ్లలో సంపాదించుకోని గౌరవం అక్కడ సంపాదించుకుంది.

మెదడును వదిలేసి గొంతు దగ్గరే ఆపుదామన్న ఆలోచన కూడా పాతదే. బెంజొనటేట్ అనే గోళీ 1950ల నుంచి ఉంది, మత్తు ఇంజెక్షన్‌ల కుటుంబానికి చెందింది. కొరికితే నోరు, గొంతు మొద్దుబారిపోతాయి. పిప్పరమెంటు అనుకుని మింగిన చిన్నపిల్లలు చనిపోయారు, 2010లో అమెరికా ఔషధ సంస్థ దీని మీద హెచ్చరించింది.

ఇప్పుడు లెక్కపెట్టే పని సంగతి. దగ్గు మందును పరీక్షించడంలో అసలు ముడి ఏమిటంటే జలుబు దగ్గు దానంతట అదే తగ్గుతుంది. సగటున 18 రోజులు ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. జనం మాత్రం వారంలో, మహా అయితే తొమ్మిది రోజుల్లో పోవాలనుకుంటారు. పదో రోజుకు విసుగొచ్చి కొత్త సిరప్ మొదలుపెడతారు, పదిహేనో రోజుకు దగ్గు సర్దుకుంటుంది, పేరు సిరప్‌కు పోతుంది. పైగా దగ్గు కొంతవరకు మన చేతిలో ఉండేది. సభలో ఆపుకోగలం, కావాలంటే తెప్పించుకోగలం. అందుకే ప్లసీబో ప్రభావం దీనిలో విపరీతం. ఈ రంగంలో పేరున్న రాన్ ఎకిల్స్ లెక్క ప్రకారం జలుబు దగ్గులో మందు వల్ల కలిగినట్టు కనిపించే మేలులో దాదాపు 85 శాతం ప్లసీబోదే. తియ్యగా, చిక్కగా గొంతులో జారే సిరప్ తాగడమే ఒక చికిత్స అన్నమాట. ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు తేనె కాస్త పనిచేయడంలో కూడా ఇలాంటిదే కొంత ఉండొచ్చు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకండి, బోట్యులిజం అనే ప్రమాదం ఉంది.

రోగిని "దగ్గు తగ్గిందా?" అని అడిగితే వచ్చే జవాబును నమ్ముకోలేం కనుకనే రికార్డర్లు వచ్చాయి. ఛాతీ మీద అంటించే ఒక మైకు, చొక్కాకు తగిలించే మరో మైకు, ఇరవై నాలుగు గంటల రికార్డింగ్. కంప్యూటర్ నిశ్శబ్దాన్ని తీసేసి కుదిస్తుంది, మిగిలింది మనిషి వినాలి. మొదటి రోజుల్లో నాకు గొంతు సవరించుకోవడానికీ దగ్గుకూ తేడా తెలిసేది కాదు. తుమ్ము, నవ్వు, కుర్చీ జరిపిన చప్పుడు, అన్నీ దగ్గులాగే వినబడేవి. తర్వాత్తర్వాత తెరపై గీత చూస్తేనే తెలిసిపోయేది. మొదట నిలువుగా లేచే పదునైన చప్పుడు, మధ్యలో గరగరమనే గాలి, చివర్లో కొందరికి మాత్రం ఉండే మూలుగు. ఒకావిడ రికార్డింగ్‌లో గంటకు నలభైకి పైగా దగ్గులు. ఫోన్ మోగిన ప్రతిసారీ "హలో" తర్వాత ఒక తెర. రాత్రి నిద్రపోయాక మాత్రం గంటల తరబడి ఒక్కటి కూడా లేదు. దగ్గు కేవలం గొంతులో సంగతి కాదని నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఇలా లెక్కపెట్టడం మొదలయ్యాక చాలా మంచి ఆలోచనలు కూలిపోయాయి. అన్నిటికంటే గట్టిగా కూలింది టిఆర్‌పివి1. నరం మీద ఉండి మిరపకాయ ఘాటును పట్టే రిసెప్టర్, అంటే కబురు అందుకునే తలుపు లాంటిది ఇది, దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మిరప ఘాటు పదార్థమైన క్యాప్సైసిన్ పీలిస్తే ఎవరికైనా దగ్గు వస్తుంది, దీర్ఘకాలిక దగ్గు ఉన్నవాళ్లకు ఇంకా తొందరగా వస్తుంది. కాబట్టి ఆ రిసెప్టర్‌ను మూసేస్తే దగ్గు పోవాలి కదా? తర్కం నిలువునా సరిగ్గానే ఉంది. గినీ పందుల్లో కూడా పనిచేసింది. మనుషులకు ఇచ్చారు. ల్యాబ్‌లో క్యాప్సైసిన్ పీల్చినప్పుడు వచ్చే దగ్గు చక్కగా తగ్గింది. ఇంటికెళ్లి రోజంతా దగ్గే దగ్గులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. 2014లో ఒక అణువు, 2017లో ఇంకో అణువు, రెండూ ఇదే దారి. దగ్గర చుట్టం లాంటి టిఆర్‌పిఏ1 కూడా నిలబడలేదు.

గినీ పందిని ఎందుకు పట్టుకున్నారంటే ఎలుకలు మనలా దగ్గవు, ల్యాబ్‌లో అందుబాటుగా ఉండి దగ్గే చిన్న జంతువు అదే. కొడీన్ కూడా గినీ పందిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న జంతువుకు ఘాటు పీల్పించి తెప్పించేది కాపలా దగ్గు. దాన్ని ఆపే మందులను ఏరి ఏరి పట్టుకున్నాం. రోగికి కావాల్సింది ఇంకోటి. ఇన్నేళ్లూ తప్పు పరీక్షలో ఫస్ట్ క్లాసులు తెచ్చుకున్నామని నా అభిప్రాయం.

ఆ తర్వాత వచ్చిందే పి2ఎక్స్3. దెబ్బతిన్న కణాల నుంచి ఏటీపీ అనే పదార్థం బయటకు కారుతుంది. దాన్ని పసిగట్టే రిసెప్టర్ ఇది, వేగస్ తీగల చివర్లలో ఉంటుంది. నిజానికి నొప్పి మందు కోసం మొదలైన అణువు తర్వాత దగ్గు దారి పట్టింది. మాంచెస్టర్‌లో 24 మందితో చేసిన చిన్న ట్రయల్ 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్లసీబోతో పోలిస్తే పగటి దగ్గు 75 శాతం తగ్గింది. దగ్గు రంగంలో అలాంటి అంకె ఎవరూ చూడలేదు. మాలో కొందరు ఆ పేపర్‌ను ప్రింట్ తీసుకుని గోడకు అంటించుకున్నారు కూడా. అదే పేపర్‌లో ఇంకో వాక్యం ఉంది. మందు తీసుకున్న ప్రతి ఒక్కరికీ నాలుక రుచి చెడింది, ఆరుగురు దానివల్లే మధ్యలో మానేశారు.

రుచి ఎందుకు పోతుందంటే, నాలుక మీది రుచి మొగ్గలు నరానికి కబురు పంపేదీ ఏటీపీతోనే. అక్కడ వినే రిసెప్టర్‌లో పి2ఎక్స్3తో పాటు పి2ఎక్స్2 కూడా కలిసి ఉంటుంది. అణువు రెండిటికీ అతుక్కుంటే దగ్గుతో పాటు రుచీ పోతుంది. ఈ రకం మందు వాడిన ఒకాయన నాకు చెప్పిన మాట: "ఉప్పు వేశారో లేదో తెలియడం లేదు సార్, మంచినీళ్లు ఇనుప ముక్క నాకినట్టున్నాయి." దగ్గు తగ్గిందా అంటే తగ్గింది. ఇంకో నెల వాడతారా అంటే ఆలోచనలో పడ్డాడు.

ఆ మందుకే తర్వాత గెఫాపిక్సాంట్ అని పేరు పెట్టారు. డోసు బాగా తగ్గించి 45 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లుగా రెండు పెద్ద ట్రయల్స్ చేశారు, 2022లో ఫలితాలు వచ్చాయి. ప్లసీబో కంటే దగ్గు తగ్గింది ఒకదానిలో 18 శాతం, రెండోదానిలో 15 శాతం చొప్పున. రుచి ఇబ్బంది అప్పటికీ ఒకదానిలో 58 శాతం మందికి, రెండోదానిలో 69 శాతం మందికి. 75 నుంచి ఇక్కడికి ఎలా జారింది? డోసు తగ్గడం కొంత. ప్లసీబో వాళ్లకు కూడా దగ్గు సగానికి పైగా తగ్గిపోవడం కొంత, ఇంక మందు చూపించడానికి మిగిలిందేముంది? జపాన్ 2022లో, యూరప్ 2023లో అనుమతించాయి. అమెరికాలో నిపుణుల కమిటీ 12కు 1 ఓటుతో పెదవి విరిచింది, 2023 డిసెంబరులో అక్కడి ఔషధ సంస్థ కాదంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోను. మొదటిసారిగా ఒక మందు కాపలా దగ్గును పెద్దగా ముట్టుకోకుండా రోగపు దగ్గును తగ్గించింది. క్యాప్సైసిన్ పీల్పిస్తే ఈ మందు తీసుకున్నవాళ్లు దాదాపు మామూలుగానే దగ్గారు. అంటే టిఆర్‌పివి1 మందుకు సరిగ్గా తలకిందులు. నాకు 18 అనే అంకె కంటే ఇదే పెద్ద వార్త.

అక్కడి నుంచి పోటీ అంతా పి2ఎక్స్2ను వదిలి పి2ఎక్స్3కే అతుక్కునే అణువుల మీద నడిచింది. బేయర్ వాళ్ల ఎలియాపిక్సాంట్ దగ్గును తగ్గించింది కానీ లివర్ దెబ్బతిన్న సంకేతం కనబడి 2022లో వదిలేశారు. క్యామ్లిపిక్సాంట్ అన్నది ముందంజలో ఉన్న పేరు. మొదటి ట్రయల్‌లో ఇదీ ఫెయిలైంది. కూర్చుని తరచి చూస్తే గంటకు ఎక్కువసార్లు దగ్గేవాళ్లలో పనిచేసినట్టు కనబడింది. రెండోసారి గంటకు 25 అంతకంటే ఎక్కువ దగ్గేవాళ్లనే ప్రధానంగా తీసుకున్నారు. ప్లసీబో కంటే 34 శాతం తగ్గింది, రుచి ఇబ్బంది నూటికి ఆరేడుగురిలోపే. జీఎస్‌కే అనే పెద్ద మందుల కంపెనీ 2023లో దీన్ని తయారు చేస్తున్న కంపెనీనే కొనేసి మూడో దశ ట్రయల్స్‌కు తీసుకెళ్లింది. అణువు ఎంత ముఖ్యమో, ఎవరి మీద పరీక్షించామన్నదీ అంతే ముఖ్యమని ఈ ఒక్క మందే చూపించింది.

ఓపియాయిడ్‌లను పూర్తిగా పారేయాలా అంటే, అదీ కాదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఐపీఎఫ్ జబ్బులో దగ్గు చాలా మొండిది. అందులో 5 మిల్లీగ్రాముల మార్ఫిన్ రోజుకు రెండుసార్లు ఇస్తే పగటి దగ్గు ప్లసీబో కంటే 39 శాతం తగ్గిందని 2024లో వచ్చింది. నాల్బుఫీన్ అనేది ఇంకాస్త తెలివైన మలుపు. వ్యసనానికి దారితీసే మ్యూ రిసెప్టర్‌ను అది అడ్డుకుంటుంది, కప్పా అనే ఇంకో దాన్ని మీటుతుంది. అదే జబ్బులో పగటి దగ్గు 75 శాతం తగ్గింది, ప్లసీబోతో 23 శాతం. తొలి రోజుల్లో వికారం, కళ్లు తిరగడం తట్టుకోలేక కొందరు మానేశారు. కొడీన్ తేల్చలేని పని మార్ఫిన్ చిన్న డోసు తేల్చడం చూస్తే, కొడీన్ కష్టాల్లో సగం ఆ ఎంజైమ్ లాటరీయే అనిపిస్తుంది. ఇవి ఎవరికి వారు ప్రయత్నించే మందులు కావని వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చిన ఆలోచన ఇంకొకటి ఉంది, ఇంకా పసిది. ఒక చోటును మొద్దుబార్చే మత్తు మందులు నరం కణం పైపొర దాటి లోపలికి వెళ్లి, నరం కబురు నడిపే సోడియం తలుపులను మూస్తాయి, అందుకే ప్రతి నరమూ మొద్దుబారుతుంది. అణువుకు విద్యుదావేశం తగిలిస్తే పైపొర దాటలేదు. వాపుతో రెచ్చిపోయిన నరంలో మాత్రం పెద్ద రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి, వాటిలోంచి దూరుతుంది. అంటే రెచ్చిపోయిన నరం తన తలుపు తానే తీసి మందును పిలుచుకుంటుంది, ప్రశాంతంగా ఉన్న కాపలా నరం జోలికి పోదు. పీల్చే మందుగా దీన్ని పరీక్షిస్తున్నారు.

ఇక మీ అమ్మగారి సంగతి. మందులు రానే రాలేదని కూర్చోనవసరం లేదు. ఇలాంటి దగ్గుకు మందు లేని చికిత్స ఒకటుంది, మాట చికిత్స చేసే స్పీచ్ థెరపిస్టు నేర్పేది. గరగర మొదలవగానే దగ్గకుండా ముక్కుతో గాలి పీల్చి పెదాలు ముడిచి వదలడం, గుటక వేయడం, గొంతు సవరించుకునే అలవాటు మానడం, ఇంతే. ఆస్ట్రేలియాలో 87 మందిపై చేసిన ట్రయల్‌లో ఇది నేర్చుకున్నవాళ్లలో 88 శాతం మందికి మేలు జరిగింది, ఉత్త ఆరోగ్య సలహాలు విన్నవాళ్లలో 14 శాతానికి. సైడ్ ఎఫెక్ట్ లేదు. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ కూడా కొందరికి పనిచేస్తుంది, కానీ మానగానే దగ్గు తిరిగొస్తుంది, మగతగానూ ఉంటుంది. దగ్గును అణిచేదీ, కఫం ఊడ్చేదీ, అలర్జీదీ ఒకే సీసాలో కలిపిన సిరప్‌లు మాత్రం నేను ఇంట్లో ఎవరికీ ఇవ్వను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆవిడ బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారు? పేరు చివర "ప్రిల్" అని వచ్చే మాత్రలు, అంటే ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటివి, పదిమందిలో ఒకరికి దాకా అచ్చం ఇలాంటి పొడి దగ్గే తెప్పిస్తాయి, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మొదలుపెట్టిన వారానికీ రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఏ సిరప్‌కూ లొంగదు. అదే అయితే డాక్టరు మాత్ర మారుస్తారు, తర్వాత కొన్ని వారాల్లో దగ్గు పోతుంది, కొందరికి మూడు నెలలు పట్టొచ్చు. మీ అంతట మీరు ఆపకండి, బీపీ పెరుగుతుంది. కఫంలో రక్తం, బరువు తగ్గడం, ఆయాసం ఇవేమైనా ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అవేవీ లేకపోతే ఆ బీపీ మాత్ర పేరు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో, దగ్గు అంతకుముందు నుంచి ఉందో తర్వాత మొదలైందో కింద రాయండి, చూసి చెబుతాను.